మిట్టమధ్యాహ్నపు గోడ

గుడి ముందు నిలబడి, చేతిలో ఫోను వెనక్కి వాల్చి, గోపురం మీది కలశం దాకా ఒక్క ఫొటోలో పట్టించాలని తంటాలు పడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా నోరు లేచేలోపే మా ఇంట్లోవాళ్లు నన్ను పక్కకు లాగేస్తారు. "వాళ్ల ఫోను, వాళ్లిష్టం, నీకేంది నొప్పి?" అంటారు. నిజమే, ఇంట్లో చూసుకుని మురిసిపోయే ఫొటో అయితే ఎలా తీస్తే ఎవరికి నష్టం? కానీ కెమెరా తల పైకెత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. అలాంటి ఫొటో ఒకటి సర్కారు ఫైల్లోకెక్కి, నిటారుగా నిలబడ్డ కట్టడం ప్రాణం మీదికి తెచ్చింది. ఆ గొడవలో నేనున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను ఫొటోల గురించి సలహాలు అడుగుతుంటారు. సలహాలకేం, బోలెడున్నాయి. ముందు ఈ సంగతి వినండి.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. పాత కట్టడాలను ఫొటోలు తీసి భద్రపరిచే సర్కారు ఆఫీసులో నేను ఫొటోగ్రాఫర్ని. మొదట డార్క్‌రూమ్‌లో ట్రేలు కడిగే ఉద్యోగంలో చేరి, "ఆడమనిషి నిచ్చెనలెక్కి ఏం తీస్తది?" అన్నవాళ్ల ముందే నిచ్చెనలెక్కి ఫొటోగ్రాఫర్నయ్యాను. డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా ఆఫీసులో ఇంకా ఫిల్మే నడుస్తోంది.

శ్రీరామనవమి దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఉదయం మా పెద్దసారు పిలిచి నా ముందు ఒక ఫైలు పడేశారు. ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యేచోట రోడ్డు పక్కన ఒక పాత సరాయి ఉంది. బండ్ల మీద భద్రాచలం పోయేవాళ్లు దిగి సేదతీరడానికి నిజాం కాలంలో కట్టింది. డంగుసున్నం గోడలు, ముందువైపు ఎత్తైన కమాను, దానికి అటొక బురుజు ఇటొక బురుజు. ఇప్పుడక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రోడ్డు ఇంజనీరు తీసిన ఫొటోలు ఫైల్లో ఉన్నాయి. చూస్తే నాకే భయమేసింది. బురుజులు రెండూ వెనక్కి వాలిపోయి ఉన్నాయి. గోడంతా బొగ్గులా నల్లగా ఉంది. కింద "శిథిలావస్థ, ప్రమాదకరం, కూల్చివేతకు సిఫారసు" అని రాసి ఉంది.

"ఎల్లుండి ఖమ్మంలో కమిటీ కూర్చుంటది. మన ఫొటోలు లేకపోతే వీటిని చూసి సంతకాలు పెట్టేస్తరు. నువ్వు పో" అన్నారు సారు.

జీపు ఎక్కాక మళ్లీ ఆ ఫొటోలు తీసి చూశాను. అప్పుడు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఇంజనీరు రోడ్డు పక్క గుంతలో నిలబడి, కెమెరా తల ఆకాశానికెత్తి తీశాడు. అందుకే బురుజులు వాలాయి. పైగా పొద్దున తీశాడు. సరాయి ముఖం పడమటికి. సూర్యుడు దాని వెనక ఉన్నాడు. కెమెరా ఆకాశపు వెలుతురును లెక్కలోకి తీసుకుని గోడను చీకట్లోకి తోసేసింది. కట్టడానికి ఏమీ కాలేదు, ఫొటో తీయడమే రాలేదు అనుకున్నాను. ఆ మాటే జీపు నడిపే భాయ్‌తో గట్టిగా అన్నాను. భాయ్ మా ఆఫీసులో నాకంటే పాతమనిషి, ఖమ్మంవాడు. "పోయి చూసినంక తిట్టు మేడమ్, ముందే తిడితే నోరు నొస్తది" అన్నాడు.

మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సరాయి అవతల, చెట్ల కింద బుల్డోజరు నిలబెట్టి ఉంది. సంతకాల కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఇంజనీరు కూడా అక్కడే ఉన్నాడు, పడుచువాడు, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. సరాయి లోపల ఒక ముస్లిం కుటుంబం ఉంటోంది. దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ల పని. అడవి ఊళ్ల నుంచి బూరుగు దూది, ఖమ్మం నుంచి పత్తి తెచ్చుకుని తరతరాలుగా అక్కడే బతుకుతున్నారు. ఒక ముసలామె, కొడుకు, కడుపుతో ఉన్న కోడలు. ఏటా నవమికి నడిచిపోయే భక్తులు రాత్రి సరాయి లోపలే పడుకుంటారు. వాళ్లకు పరుపులు పరిచి, కుండల్లో నీళ్లు పెట్టేది ఈ ఇంటివాళ్లే. భాయ్ ఆమెను, పిన్నిని పిలిచినట్టు, ఖాలా అని పిలిచాడు. నేనూ అలాగే పిలిచాను.

"ఫొటోలు తియ్యొచ్చినవా బిడ్డా? గా సారు కూడ ఫొటోలే తీసిండు. తీసినంకనే మిషిను తెచ్చి పెట్టిండు" అంది ఖాలా.

ఇంజనీరు ముఖం మాడ్చుకున్నాడు. "నాకేమన్న పగనా మేడమ్? రేపెవరి మీదనైనా పడితే నన్నే అడుగుతరు. నిరుడు ఒక పాత బడి కప్పు కూలింది. నేను పోయి చూసిన. పిల్లలు అప్పుడే ఇంటికి పోయినరు గనక బతికిపోయినరు. అప్పటి సంది పాత గోడ కనిపిస్తే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

"నిద్ర పట్టకపోతే గోలీలు మింగు. కెమెరా వంకరగ పట్టి సరాయిని చంపకు" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు మరీ లేదు.

నిటారు కట్టడం నిటారుగా రావాలంటే కెమెరా తల ఎత్తకూడదు, దించకూడదు. కట్టడం సగం ఎత్తులో మనం ఉండాలి. నిచ్చెన పొట్టిదైపోయింది. ఎదురుగా చెట్టు లేదు, మిద్దె లేదు. దిక్కులు చూస్తూ ఉంటే ఏన్కూరు వైపు పోయే మిర్చి లారీ ఒకటి చాయ్ కోసం ఆగింది. బస్తాలు ఆకాశమంత ఎత్తు పేర్చి ఉన్నాయి. డ్రైవరు ఖమ్మం యార్డుకు పరుగు మీదున్నాడు. తూర్పున మబ్బు పట్టింది. పడమట కూడా సూర్యుడు కనిపిస్తూ మాయమవుతూ ఉన్నాడు.

"అన్నా, జెర లారీ ఇటు తిప్పి పెట్టు. పైకెక్కి ఫొటో తీసుకుంట" అన్నాను.

"మొగులు పట్టింది మేడమ్! చినుకు పడితే మిర్చి అంత రంగు పోయి తాలయితది. షావుకారు నా తోలు తీస్తడు" అన్నాడు. భాయ్ వెళ్లి అతని భుజం మీద చెయ్యేసి ఉర్దూలో ఏదో చెప్పాడు. లారీ తిరిగింది.

మిర్చి బస్తాల మీద ఎప్పుడైనా నిలబడ్డారా? నిలబడకండి. కళ్లు, ముక్కు, చేతులు అన్నీ మండాయి. తుమ్ము మీద తుమ్ము. సూర్యుడు మబ్బులోకి పోయాడు. కింద డ్రైవరు హారన్ కొడుతున్నాడు. తెల్లటి సున్నపు గోడను కెమెరా మీటరు ఎప్పుడూ వెలుతురు మరీ ఎక్కువుందని లెక్కేసి బూడిద రంగులోకి తోస్తుంది. అందుకని మీటరు చెప్పినదానికంటే ఎక్కువ వెలుతురు ఇచ్చి పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. మబ్బు అంచు నుంచి సూర్యుడు ఒక్కసారి బయటపడ్డాడు. కమాను, బురుజులు, గూళ్లు, సున్నం మీద చెక్కిన పూలు, అన్నీ ఎండలో లేచి నిలబడ్డాయి. ఊపిరి బిగబట్టి తీశాను. తీసినంతసేపు తుమ్ము ఆగడం ఆ దేవుడి దయే.

ఇంజనీరును పైకి రమ్మన్నాను. వచ్చాడు. కెమెరాలోంచి చూశాడు. కిందకు దిగి, మేస్త్రీలు గోడ నిలువు చూసే ఇనప గుండు దారానికి కట్టి తనే బురుజు పక్కన వేలాడదీశాడు. దారం, బురుజు అంచు పక్కపక్కనే నిలిచాయి.

"నిలువుగనే ఉంది" అన్నాడు. ఖాలా కొడుకు ఆనందం పట్టలేక బుల్డోజరు వైపు చూసి ఒక తిట్టు తిట్టాడు. ఆ సాయంత్రం నేను గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే వెనక గోడ తీశాను. అది తూర్పు ముఖం. లేత ఎండ నేరుగా పడి, కొత్తగా సున్నం కొట్టిన గోడ పెళ్లికూతురిలా మెరిసింది. చక్కటి ఫొటో. పునాది నుంచి పిట్టగోడ దాకా ఒక్క మచ్చ లేదు. ఆ తరవాత లోపలి కమాన్లు, గుమ్మాలు, కప్పు. చీకటి గదుల్లో కెమెరాను స్టాండు మీద పెట్టి, తలుపులోంచి వచ్చే వెలుతురుకు మోసపోకుండా చాలాసేపు తెరిచి ఉంచి తీయాలి. మధ్యాహ్నానికి పని అయిపోయింది.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. మిట్టమధ్యాహ్నం కట్టడాల ఫొటో తీయకూడదు. ఎండ నెత్తిమీది నుంచి పడుతుంది, నీడలు అందవికారంగా వస్తాయి. నేనూ ఎందరికో నూరిపోశాను. అందుకే ఆ వేళకు ఎప్పుడూ కెమెరా సంచిలో పెట్టేసి తిండి సంగతి చూసుకునేదాన్ని. ఆ రోజూ సంచి సర్దేశాను. చేతులు కడుక్కుందామని సరాయి వెనకనున్న బోరింగు దగ్గరికి వెళ్లాను.

సూర్యుడు సరిగ్గా గోడ నెత్తి మీద ఉన్నాడు. వెలుతురు గోడ వెంబడి పై నుంచి కిందికి జారుతోంది. పొద్దున అద్దంలా ఉన్న గోడ మధ్యలో, నా తలకంటే ఎత్తులో, పెద్ద కడుపులాంటి ఉబ్బు. దాని కింద నల్లటి నీడ. గోడ బయటికి పొంగింది. చేతుల్లో నీళ్లు అలాగే కారిపోయాయి.

పరుగున లోపలికి వెళ్లి చూశాను. లోపలి వైపు ఆ గోడ కనిపించకుండా కప్పు దాకా దూది బస్తాలు పేర్చి ఉన్నాయి. బస్తాల ముందు కోడలి మంచం. దాని పక్కనుంచి వరండా పొడుగునా ఖాళీ స్థలం. నవమికి భక్తులు పడుకునేది అక్కడే.

ఖాలాను సరాయి వెనక్కి తీసుకొచ్చి ఆ నీడ చూపించాను.

"గోడ మంచిగనే ఉంది బిడ్డా. సున్నం కొట్టినం గద" అంది, గోడ వైపు చూడకుండా.

"ఖాలా, ఎన్నేండ్ల సంది ఉంది ఇది?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాకు ఎర్కనే. వానాకాలం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి వస్తున్నది. చెప్తే ఏమయితది? మొత్తం కూలగొడ్తరు. మేం యాడికి పోవాలె?"

"నవమికి జనం లోపల పండుకుంటరు గద."

"ఇన్నేండ్ల సంది పండుకుంటనే ఉన్నరు. ఆళ్ల రాముడు, మా అల్లా, ఇద్దరు కలిసి సూసుకున్నరు." ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "ముందు దిక్కు ఫొటోలు ఇయ్యి. పొద్దుగాల తీసిన గోడ ఫొటో ఇయ్యి. గిప్పుడు చూసింది చూడలేదనుకో. నీ కాళ్లు మొక్కుతా బిడ్డా."

నిజంగానే వంగింది. నేను పట్టుకుని లేపాను. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు ఆమె మీద కోపమూ వచ్చింది. ఆ మంచం తన కోడలిదే కదా!

సంచి విప్పి, కెమెరా తీసి, ఆ ఎండలో ఆ నీడను ఫొటో తీశాను. నీడ పలచబడకుండా వెలుతురు తగ్గించి, గోడ పొడుగంతా వచ్చేలా, పక్కన కొలతకర్ర ఆనించి తీశాను. అందవికారమైన ఫొటో. ఇంజనీరు నా వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో తెలియదు. అతను ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు.

"మీరు ఇయ్యకపోతే ఇది నేను తియ్యాల్సి వస్తది మేడమ్. నేను తీస్తే సరాయి మొత్తం పడిపోతున్నట్టు వస్తది. మీరు తీసిందాంట్ల ఏ గోడ పాడైందో ఆ గోడ మట్టుకే పాడైనట్టుంటది" అన్నాడు.

ఏన్కూరులో ఫోన్ బూత్ నుంచి సారుకు ఫోన్ చేశాను. "వాళ్లు కూలగొట్టాలన్నది వాలిందని. వాలలేదని చూపిస్తే మన పని అయిపోయింది. వెనక గోడ సంగతి ఎవరడిగిన్రమ్మా? కట్టడం దక్కినంక మనమే నెమ్మదిగ బాగు చేయిద్దాం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కట్టడాలంటే ప్రాణం పెట్టే మనిషి. అందుకే ఆయన మాట కాదనడం నాకు కష్టమైంది.

సాయంత్రానికి ఖమ్మం చేరి, కలర్ ల్యాబ్‌లో రీళ్లు ఇచ్చాను. అన్నీ వచ్చాయి. కమాను, బురుజులు నిటారుగా, తెల్లగా, చూడ ముచ్చటగా ఉన్నాయి. మధ్యాహ్నపు ఫొటో తీసి చూసి ఉలిక్కిపడ్డాను. ఉబ్బు లేదు! ల్యాబ్ యంత్రం తనంతట తానే నీడలన్నీ తేలిక చేసి, గోడను సాపు చేసేసింది. పెళ్లి ఫొటోల్లో ముఖాల మీది నీడలు పోగొట్టే అలవాటు దానిది.

ల్యాబ్ బల్ల ముందు ఆ ప్రింటు పట్టుకుని కూర్చున్నాను. నేను అబద్ధమాడక్కర్లేదు. ఫొటో తీశాను, ఇదిగో ఇచ్చాను, యంత్రం ఎట్లా ఇచ్చిందో నాకేం తెలుసు? ఖాలా ఇల్లు ఉంటుంది. సారు మెచ్చుకుంటారు. ఆ ఉబ్బు ఎన్నో వానలకు నిలబడింది, ఈ నవమికి నిలబడదా? బయట ఉరుములు మొదలయ్యాయి. ఆ ఉరుములు వింటుంటే దూది బస్తాల ముందున్న ఆ మంచం కళ్లముందు మెదిలింది.

లేచి ప్రింటు వెనక్కి ఇచ్చాను. "ఇది మళ్ల చెయ్యి. యంత్రం దిద్దొద్దు. నీడ నల్లగనే ఉండాలె" అన్నాను.

"నల్లగ వస్తే ఖరాబయిందంటరు మేడమ్" అన్నాడు ల్యాబ్ అబ్బాయి.

"అననీ" అన్నాను.

కమిటీలో పెద్ద అధికారి ముందు అన్ని ఫొటోలూ పేర్చాను. ముందువైపు ఫొటోలు చూసి తల ఊపాడు. ఇంజనీరు లేచి, తన ఫొటోలు తప్పని, గుండు వేసి చూశానని తనే చెప్పాడు. ఆ వయసులో ఆ మాట అనడానికి గుండె కావాలి. తరవాత పెద్ద అధికారి చేతిలోకి మధ్యాహ్నపు ఫొటో వచ్చింది. దాన్ని నా వైపు తిప్పాడు.

"నిలువుగ ఉన్నదంటిరి. మరి ఇదేంది?"

సారు నా వైపు చూడలేదు. "ముందు గోడ నిలువుగనే ఉంది సార్. వెనక గోడ పొంగింది. దాని కింద మనుషులు పండుకుంటున్నరు. సరాయిని కూలగొట్టొద్దు. మనుషుల్ని మట్టుకు ఇయ్యాల్నే బయటికి తేవాలె" అన్నాను.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. మొత్తం తీసేస్తే పీడ విరగడవుతుందన్నాడొకాయన. చివరికి కూల్చివేత ఆగింది, సరాయిని ఖాళీ చేయించమని ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రమే ఇంజనీరు మనుషుల్ని పంపాడు. ఖాలా కుటుంబం సామాను రోడ్డు మీదికొచ్చింది. దూది బస్తాలు లోపలే ఉండిపోయాయి. ఆ ఏడు భక్తులకు కొంచెం దూరంలో ఒక బడిలో బస ఏర్పాటు చేశారు.

నవమి ముందు రోజుల్లో అకాల వాన పడింది. మిర్చి కళ్లాలన్నీ తడిశాయి. ఆ వానలోనే వెనక గోడ ఉబ్బు దగ్గర విరిగి, పై భాగం లోపలికి కూలింది, వరండా కప్పును తనతో లాక్కుని. మంచం ఉండాల్సిన చోట రాళ్లు గుట్టపడ్డాయి. కింద తడిసిన బూరుగు దూది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ముందు కమాను, రెండు బురుజులు చెక్కుచెదరలేదు.

తరవాత మా ఆఫీసువాళ్లు సరాయిని రక్షిత కట్టడం చేశారు. రోడ్డును కొంచెం పక్కకు జరిపారు. వెనక గోడ మళ్లీ డంగుసున్నంతో కట్టారు. అంతా చక్కగా అయింది కదా అంటారు మీరు. రక్షిత కట్టడంలో ఎవరూ కాపురముండకూడదు. ఖాలా వాళ్లు మళ్లీ లోపలికి పోలేదు. కట్టడం దక్కింది, వాళ్ల ఇల్లు పోయింది. వాళ్లకు వేరే చోటు చూపించమని నేనూ ఇంజనీరూ ఎన్ని బల్లల చుట్టూ తిరిగామో! అందరూ సానుభూతిగా విన్నారు. ఎవరూ ఏమీ చేయలేదు.

ఏన్కూరులో రోడ్డు మీద ఒక రేకుల కొట్టు కిరాయికి తీసుకుని వాళ్లు పరుపులు కుడుతున్నారని తెలిసి, ఒకసారి భాయ్‌తో వెళ్లాను. ఖాలా సూదితో పరుపు అంచు కుడుతోంది. కోడలి ఒళ్లో పసిగుడ్డు ఉంది. ఆమె నన్ను చూసి నవ్వబోయి, అత్త వైపు చూసి ఆపుకుంది. ఖాలా సూది దించి మాట్లాడింది.

"నువ్వు చెయ్యకుంటే నా కోడలు, గీ పసిది మట్టిల కలిసిపోతుండె. నువ్వు చేసినవ్, నా అత్త, దాని అత్త బతికిన ఇల్లు పోయింది. నిన్ను దీవిద్దామంటే తిట్టొస్తున్నది బిడ్డా, తిడదామంటే గీ పసిది కనబడుతున్నది. నాతోటి కాదు. నువ్వు మళ్ల రాకు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేసి వచ్చేదాన్ని. రిటైరయ్యేదాకా ఆ దారిలో భద్రాచలానికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ కొట్టు దగ్గర భాయ్ ప్రతిసారీ జీపు నెమ్మది చేసేవాడు. నేను ఒక్కసారీ ఆపమనలేదు.